అత్తగారు విప్పిన ఇరుసు

మొన్న మామిడి అంటు కోసం కడియం వెళ్ళాను. నర్సరీ ముందు మొక్కల లోడుతో ఒక లారీ కదులుతోంది. కదిలేటప్పుడు వెనక నుంచి సన్నగా ఒక కూత వచ్చింది. ఇంజను మోత కాదు, బ్రేకు కీచు కాదు. కడుపునొప్పి ఉన్న మనిషి పళ్ళ బిగువున మూలిగినట్టు ఉంది. నేను చంకలో అంటు పెట్టుకుని లారీ పక్కనే కొంత దూరం నడిచి, డ్రైవరుతో, "వెనక ఇరుసు హౌసింగ్‌లో ఆయిల్ చూసుకోండి. లోపల గేరు పళ్ళు అరుస్తున్నాయి," అన్నాను.

అతను బండి ఆపి దిగాడు. వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. ఇరుసు మధ్యలో ఉన్న గుండ్రటి బుర్ర మీద జిడ్డు మరకని వేలితో తుడిచి, వాసన చూసి, నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. ఇస్త్రీ చొక్కా, కళ్ళద్దాలు, మామిడి అంటు.

"మీరు మెకానిక్కా అండి?"

"కాదండి. అల్లుణ్ణి," అన్నాను.

ఆ జవాబులో తప్పేమీ లేదు గాని, కొంచెం వివరణ అవసరం.

మా అత్తగారు పోయిన కార్తీకంలో పోయారు. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర బంధువులందరూ ఆవిడ గురించి మంచిగానే చెప్పుకున్నారు. నెమ్మదస్తురాలన్నారు. గొంతు గడప దాటి ఎరగదన్నారు. పనసపొట్టు కూర ఆవిడ చేసినట్టు ఇంకెవరూ చెయ్యలేరన్నారు. అన్నీ నిజాలే. ఇరుసు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. చనిపోయిన ఆడమనిషి గురించి వడ్డన వేళ చెప్పుకునే విషయం కాదనుకున్నారేమో.

ఆవిడ నాతో మాట్లాడేవారు కాదు. కోపం వల్ల కాదు, మర్యాద వల్ల. అల్లుడి ఎదురుగా నిలబడకూడదు, మొహం చూసి మాట్లాడకూడదు, ఆయన కుర్చీలో ఉండగా తను కూర్చోకూడదు. ఇవి ఆవిడకి ఎవరు నేర్పారో తెలియదు. ఆ వీధిలో మిగతా అత్తగార్లు అల్లుళ్ళతో సెల్ఫీలు దిగుతున్న కాలంలో కూడా ఆవిడ వాటిని వదల్లేదు. పెళ్ళయిన మొదటి ఏడాది నేను ఆవిడ చేతుల్ని మాత్రమే చూశాను. వంటింటి తలుపు పక్క నుంచి కంచం వచ్చేది, నెయ్యి గిన్నె వచ్చేది, వెనక్కి వెళ్ళిపోయేవి.

మా ఆవిడ ఉంటే ఇబ్బంది లేదు. "అల్లుడు గారు ఇంకో గారె వేసుకుంటారేమో అడుగు," అని తలుపు వెనక నుంచి వినిపించేది. మా ఆవిడ లేనప్పుడు అత్తగారు హాల్లో గోడ గడియారంతో మాట్లాడేవారు.

"ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగుతారేమో."

"తాగుతానండి," అని నేనూ గడియారానికే చెప్పేవాణ్ణి.

అలా గడియారం మధ్యవర్తిత్వంలో మేమిద్దరం చాలా ఏళ్ళు ఏ మాటపట్టింపూ లేకుండా నెగ్గుకొచ్చాం.

వాళ్ళ ఊరు రామచంద్రపురం పక్కన, ద్రాక్షారామం వెళ్ళే దారిలో. పెరట్లో కొబ్బరికాయల పాక ఉంది. ఆ పాకలో ఒక కారు ఉండేది. మా మామగారు ఎప్పుడో ఒక చితికిపోయిన దివాణం వాళ్ళ దగ్గర కొన్నది. నల్లటిది, పొడుగు ముక్కుది, సైకిలు చక్రాల్లాగా పుల్లలున్న చక్రాలది. ఆ ఇంట్లో దాన్ని కారు అనేవారు కాదు, బండి అనేవారు. నా పెళ్ళికి ముందే దాని వెనక ఇరుసు విరిగింది. మామగారు "చూద్దాం" అన్నారు. చూస్తూ చూస్తూ ఆయన వెళ్ళిపోయారు. బండి చుట్టూ కాయలు రాశులు పోశారు. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టడం మొదలెట్టాయి. వాటిని కారు గుడ్లు అనేవాళ్ళు. నేను చాలా తిన్నాను.

ఇలా ఉండగా మా బావమరిది దాన్ని ఒక రిసార్టుకి ఇచ్చేస్తానని మాటిచ్చాడు. అతనికి రాజమండ్రిలో టైల్స్ షాపు ఉంది. యానాం దగ్గర వంతెన దాటాక గోదారి ఒడ్డున అతని స్నేహితుడు కొత్తగా రిసార్టు కట్టాడు, టైల్స్ ఇతనివే. గేటు పక్కన గడ్డిలో పాత కారు నిలబెట్టి, దాని మీద పూలకుండీలు పెడితే వచ్చినవాళ్ళు ఫొటోలు దిగుతారట.

"అమ్మా, లారీ, క్రేనూ వాళ్ళే పంపిస్తారు. నీకేం శ్రమ ఉండదు," అన్నాడు.

"ఎప్పుడు?" అని అడిగారు అత్తగారు.

"వేసవి అయ్యాక."

"సరే," అన్నారు.

ఆ సంభాషణ అంతే. ఆ వారంలోనే మా ఆవిడకి ఫోను వచ్చింది. మేము కాకినాడలో ఉంటాం. నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను, మా ఆవిడ స్కూల్లో సోషల్ చెబుతుంది. నాకు సెలవులు. ఆవిడకి పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ.

"అమ్మ ఏదో బరువు ఎత్తాలందండి. వెళ్ళి రండి," అంది.

బియ్యం డ్రమ్ము అనుకుని వెళ్ళాను.

పాకలో కొబ్బరికాయలు ఒక వారకి జరిపి ఉన్నాయి. బండి వెనక చక్రాల్లో ఒకటి అప్పటికే ఊడదీసి గోడకి ఆనించి ఉంది. అత్తగారు పమిట నడుముకి బిగించి, చేతిలో పానాతో, నాకు వీపు పెట్టి నిలబడ్డారు. గడియారం ఇంట్లో ఉండిపోవడం వల్ల అక్కడ తిరుగుతున్న ఎర్రకోడిని ఉద్దేశించి, "అల్లుడు గారు చొక్కా మార్చుకుంటే బావుంటుందేమో," అన్నారు.

నేను మార్చుకున్నాను. గోదావరి జిల్లాల్లో అల్లుడికి ఎన్ని గౌరవాలున్నాయో అందరూ చెబుతారు. కారు కింద దూరడం వాటిలో ఉందో లేదో అడగడానికి అక్కడ కోడి తప్ప ఎవరూ లేరు.

ఆవిడ ఈ పని ఎక్కడ నేర్చుకున్నారంటే, ఫోనులో. కొడుకు మనవల్ని చూసుకోమని కొనిచ్చిన ఫోను అది. అందులో ఏ దేశంవాడో ఒక తెల్ల గడ్డం పెద్దాయన సరిగ్గా ఇలాంటి కారుకే వెనక ఇరుసు విప్పి, కడిగి, మళ్ళీ బిగిస్తూ వీడియోలు పెట్టాడు. ఆయన మాట ఆవిడకి ఒక్క ముక్క తెలియదు. అయినా రోజూ భోజనం అయ్యాక చూసేవారు. ఆయన తెర మీదికి రాగానే పమిట భుజం చుట్టూ నిండుగా కప్పుకునేవారు. ఆయన మొహం పోయి చేతులు మాత్రమే కనిపించేటప్పుడు కొంచెం సర్దుకుని కూర్చునేవారు.

"తాతగారు ముందు కిరసనాయిలుతో కడిగారు," అనేవారు కోడితో. నేను కిరసనాయిలు తెచ్చేవాణ్ణి.

మాకు తాతగారి మాట వేదం. అదే తరవాత కొంప ముంచింది. ఆ సంగతికి వస్తాను.

ఇరుసు కిందికి దింపి విప్పితే లోపల చిన్నా పెద్దా చాలా వస్తువులున్నాయి. ఆవిడ నేల మీద విస్తరాకులు పరిచి, ఏది ముందు వచ్చిందో ఏది తరవాత వచ్చిందో మరిచిపోకుండా వడ్డన వరసలో పెట్టారు. ఉప్పు వేసే చోట చిన్న పిన్నులు. పప్పు చోట పళ్ళున్న చిన్న గేరు. అన్నం చోట పళ్ళెమంత పెద్ద పళ్ళచక్రం. విరిగిన ఇరుసు కడ్డీ విస్తరి పక్కన, మంచినీళ్ళ గ్లాసు ఉండాల్సిన చోట. విస్తరి విస్తరికీ మధ్య నడవడానికి దారి కూడా వదిలారు.

అన్నిటికీ కోడి చాలదు. కోడికి సైజులు చెప్పడం కష్టం. అందుకని ఆవిడ మా ఆవిడకి ఫోను చేసి, స్పీకరు పెట్టి, నా పక్కన స్టూలు మీద ఆనించారు.

"అమ్మాయీ, అల్లుడు గారిని ఆ పెద్ద పానా ఇవ్వమను."

కాకినాడ నుంచి మా ఆవిడ, "ఏవండీ, అమ్మ పెద్ద పానా ఇవ్వమంటోంది," అంది.

"పెద్దవి రెండున్నాయి. ఏది?"

"అమ్మా, ఏదని అడుగుతున్నారు."

"పులుసు దగ్గరున్నది."

"పులుసు దగ్గరున్నదటండి. అమ్మా, పులుసేంటి?"

"ఆయనకి తెలుసులే."

నాకు తెలుసు. ఇచ్చాను. చేతికి చెయ్యి తగలకుండా ఇటు కొస పట్టుకుని నేను, అటు కొస పట్టుకుని ఆవిడ. కాసేపటికి మా ఆవిడ, "అమ్మా, నాకు ఇంకా కట్ట మిగిలిపోయింది. మీరిద్దరూ పక్కపక్కనే ఉన్నారు. నేను మధ్యలో ఎందుకే?" అని విసుక్కుంది.

"మర్యాద ఉండద్దుటే?" అన్నారు అత్తగారు, మోచేతుల దాకా నల్లటి జిడ్డుతో.

విరిగిన కడ్డీని రాజమండ్రిలో లేత్ పనివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళే పని నాకు పడింది. జిడ్డు అంటకుండా ఆవిడ దాన్ని పాత పంచెలో చుట్టి, తాడు కట్టి ఇచ్చారు. బస్సులో నిలువుగా పట్టుకుని కూర్చున్నాను. చూసినవాళ్ళు దేవుడి ధ్వజమో ఏదో అనుకుని చోటిచ్చారు. ఒకాయన చెప్పులు కూడా విప్పాడు. బేరింగుల కోసం తుని దాకా పోయి, హైవే పక్కన పాత ఇనుము కొట్లన్నీ తిరిగి తెచ్చాను. ఇంటికి తెస్తే ఆవిడ బేరింగుని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి విన్నారు. ఒకదాన్ని పక్కన పెట్టేశారు. నేను కూడా చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. నాకు రెండూ ఒకలాగే వినిపించాయి. ఆ రోజుల్లో అలా ఉండేది నా చెవి.

చిన్న గేరు పళ్ళూ పెద్ద చక్రం పళ్ళూ సరిగ్గా పట్టుకుంటున్నాయో లేదో తెలుసుకోవడానికి తాతగారు పళ్ళకి ఏదో రంగు పూసి తిప్పేవాడు. రంగు ఎక్కడ చెరిగితే అక్కడ రాపిడి ఉన్నట్టు. అత్తగారు ఆ రంగు గురించి ఒక పూట ఆలోచించి, ఆంజనేయస్వామి గుడికి వెళ్ళి సిందూరం తెచ్చారు. నూనెలో కలిపితే అచ్చం అదే. రెండు చేతులకీ ఎర్రగా పూసుకుని పని చేస్తుండగా, వేసవికి చూసిపోదామని ఆవిడ ఆడపడుచు వచ్చింది. విధవ వదినగారి చేతులు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటి వదినా ఇది?"

"పళ్ళకి రాస్తున్నానమ్మా."

"ఎవరి పళ్ళకి?"

"బండి పళ్ళకి."

ఆవిడ నా వంక చూసింది. నేను అవునన్నట్టు తలూపాను. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఒకసారి నేను కోడిని అడిగాను. "కుండీలు పెట్టుకోవడానికి ఇస్తున్న బండికి ఇరుసు ఎందుకు బాగుచెయ్యడం?"

"విరిగింది కదా," అన్నారు అత్తగారు.

అన్నీ బిగించాక ఇరుసుని మళ్ళీ బండి కిందికి తోసి, జాకీ మీద పైకెత్తి, స్ప్రింగు పట్టీలకి కలపాలి. ముందు రోజు మధ్యాహ్నం గాలివాన వచ్చింది. పాక నేల మట్టిది, నాని ఉంది. జాకీ కింద ఇటుక పెట్టాం. నేను వెల్లకిలా పడుకుని పట్టీకీ ఇరుసుకీ మధ్య చెయ్యి పెట్టి బోల్టు దూర్చే ప్రయత్నంలో ఉన్నాను. ఆవిడ తల దగ్గర వంగి దీపం చూపిస్తున్నారు. ఫోను స్టూలు మీద ఉంది. పేపర్ల దగ్గర భోజనాల విరామం కాబట్టి మా ఆవిడ లైనులోనే ఏదో తింటోంది. ఇటుక కుంగడం నేను చూడలేదు.

"ఒరేయ్! చెయ్యి తియ్యరా వెధవా!"

తీశాను. ఎవరన్నారో, ఎవర్నన్నారో ఆలోచించే వ్యవధి లేకుండా ఒళ్ళు దానంతట అదే తీసేసింది. ఇరుసు నా చెయ్యి ఉన్న చోటికి దిగి, జాకీని తోసుకుని నేల మీద పడింది. బొటనవేలి కొస మాత్రం చిక్కింది. పాకలో కోళ్ళన్నీ అరుచుకుంటూ బయటికి పోయాయి.

"అమ్మా, ఎవర్నే అంటున్నావు?" అంది ఫోను.

అత్తగారు ఫోను కట్టేశారు. నా చెయ్యి చూశారు, అయిదు వేళ్ళూ ఉన్నాయని చూసుకున్నారు, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

ఆ సాయంత్రం తలుపు పక్క నుంచి నాకు కంచం వచ్చింది గాని, గడియారంతో ఒక్క మాటా రాలేదు. మర్నాడు పొద్దున్నే హాల్లో బల్ల మీద పళ్ళెంలో కొత్త పంచెల చాపు, అంచులకి పసుపు రాసి, రెండు అరటిపళ్ళతో సహా పెట్టి ఉంది. మా ఆవిడ ఫోను చేసింది.

"అమ్మ నిన్నట్నుంచి ఏం తినలేదండి."

"ఎందుకు?"

"మిమ్మల్ని ఒరేయ్ అందిట. వెధవ అని కూడా అందిట. అల్లుడు గారి కాళ్ళు పట్టుకోవాలంటోంది. మీరే ఏదో ఒకటి చెప్పండి."

నేను వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళాను. గడియారం నా వెనకాల ఉంది. దానితో పని లేదనుకున్నాను.

"అత్తయ్యగారూ, మీరు గారూ అండీ అని పిలిచేలోగా వేలు పోయేదండి."

తలుపుకి ఇంకొంచెం దగ్గరగా జరిగాను.

"మా అమ్మ పోయాక నన్ను ఒరేయ్ అన్నవాళ్ళు లేరండి. నాకేం బాధ లేదు. మీరు అన్నం తినండి."

చాలాసేపటికి లోపల నుంచి, "వేలు చూపించండి," అని వినిపించింది. చూపించమను కాదు. చూపించండి.

తలుపు సందులోంచి బొటనవేలు లోపలికి పెట్టాను. అటు నుంచి వేడి వేడి పసుపు ముద్ద పడింది. గుడ్డ పీలిక చుట్టి, రెండు ముళ్ళు వేసి, నా చెయ్యి నాకు తిరిగి ఇచ్చారు. ఆ తరవాత గిన్నె మీద గరిటె చప్పుడు విన్నాను. గోరు మాత్రం ఊడిపోయింది, మళ్ళీ వచ్చింది.

అప్పట్నుంచి ఆవిడ నాతో మాట్లాడారు. అయితే నేను కారు కింద ఉన్నప్పుడే. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తుంటే, "అల్లుడు గారూ, ఇంకో చుట్టు బిగించండి," అని తిన్నగా నాతోనే అనేవారు. బయటికి రాగానే కోడిని వెతుక్కునేవారు.

బండి నాలుగు చక్రాల మీద నిలబడిన రోజున ఇంజను కూడా, రెండు రోజుల బతిమాలింపు తరవాత, అంటుకుంది. అత్తగారే స్టీరింగు దగ్గర కూర్చున్నారు. ఆవిడకి నడపడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది. లైసెన్సు సంగతి నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. నేను ముందు నిలబడి, పాక గుమ్మంలోంచి బయటికి రమ్మని చేత్తో సైగ చేశాను. ఆవిడ మొదటి గేరు వేసి క్లచ్చి వదిలారు.

బండి మెల్లగా, ఏ తడబాటూ లేకుండా, వెనక్కి వెళ్ళింది. వెళ్ళి కొబ్బరికాయల రాశిని గుద్ది ఆగింది. కాయలు బానెట్ దాకా దొర్లాయి.

ఆవిడ ఆపి, ఆలోచించి, రెండో గేరు వేశారు. ఇంకొంచెం వేగంగా వెనక్కి వెళ్ళింది. మూడోది వెయ్యలేదు. రివర్సు వేశారు. బండి హాయిగా ముందుకు నడిచి, పాక దాటి, నా ముందుకొచ్చి ఆగింది.



"ముందుకి వెళ్తోంది గదా," అన్నారు ఆవిడ, స్టీరింగుతో. "ఇలాగే యానాం దాకా వెళ్ళచ్చేమో."

"వెళ్ళచ్చండి. చేరేసరికి మళ్ళీ వేసవి వస్తుంది."

ఆ పాత బళ్ళ ఇరుసు గొట్టం రెండు సగాలుగా ఉంటుంది. లోపలి పెద్ద పళ్ళచక్రాన్ని ఎడమవైపు పెట్టినా పడుతుంది, కుడివైపు పెట్టినా పడుతుంది. సరైన వైపు పెడితే బండి ముందుకు పోతుంది. రెండోవైపు పెడితే మేము చూసినట్టు అవుతుంది. విప్పినప్పుడు అది ఇటువైపే ఉందని బిగించే రోజునే నేను నసిగాను. తాతగారు అటు పెట్టారని ఆవిడ అన్నారు. అక్కడితో సరి. ఇప్పుడు వీడియో మళ్ళీ పెట్టి చూస్తే తాతగారి టోపీ మీద ఇంగ్లీషు అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ఆయన ఆ భాగమంతా అద్దంలో చూసినట్టుగా తీశాడు, కుడి ఎడమయ్యేలా.

"అక్షరాలు తిరగబడ్డాయని నాకెలా తెలుస్తుంది?" అన్నారు అత్తగారు కోడితో. "చదువుకున్నవాళ్ళు చూసుకోవద్దా?"

న్యాయమే. నేను బోటనీ అని చెబుదామనుకున్నాను గాని, అది అక్షరాలకి అడ్డం రాదు.

మొత్తం మళ్ళీ విప్పాం. మళ్ళీ విస్తరాకులు, మళ్ళీ సిందూరం. ఆ రెండోసారి నేను కింద పడుకుని బోల్టులు విప్పుతుండగా ఆవిడ స్టూలు మీద కూర్చుని తనంతట తనే ఒక సంగతి చెప్పారు.

"మీ మామగారు నాకు నడపడం నేర్పారండి. తెల్లారకుండా కాలవ గట్టు మీద. ఎవరైనా ఎదురొస్తే దిగి పక్క సీట్లోకి మారిపోయేదాన్ని. చాలా ఏళ్ళు నడిపాను. ఊళ్ళో ఎవరికీ తెలియదు."

"ఊఁ," అన్నాను కింద నుంచి.

"ఓ రోజు పట్టపగలు ద్రాక్షారామం నుంచి వస్తుంటే ఊరి మొదట్లో ఇరుసు విరిగింది. నడిపేది ఆయనే. ఎదురింటాయన ఎడ్లని తోలుకొచ్చి కట్టారు. లాగేటప్పుడు స్టీరింగు ఎవరో ఒకరు పట్టుకోవాలి గదండి. ఆయనకి సిగ్గేసి ఎడ్ల ముందు నడిచారు. నన్ను కూచోబెట్టారు. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది." స్టూలు కొంచెం ముందుకి జరుపుకున్నారు. "ఊరు నన్ను బండి దగ్గర చూసింది ఆ ఒక్కసారేనండి. ముందు ఎడ్లున్నాయి."

నేను బోల్టు తిప్పడం ఆపాను.

"ఆగిపోయారేంటి? తిప్పండి," అన్నారు.

"ఇది నడిస్తే రిసార్టుకి ఇవ్వద్దండి. నేను బావతో మాట్లాడతాను."

"ముందు నడవనివ్వండి."

నడిచింది. పెరట్లో రెండు చుట్లు తిరిగింది, మొదటి గేరులో ముందుకి. నేను బావమరిదితో ఏం మాట్లాడాలో మనసులో తయారుచేసుకున్నాను. అతను లారీ ఎప్పుడు పంపమంటావని ఫోను చేస్తే అత్తగారు, "లారీ అక్కర్లేదు. నువ్వు అక్కడ ఉండు, మేం తీసుకొస్తాం," అన్నారు. అతను ట్రాక్టరుకి కట్టి తెస్తున్నామనుకున్నాడు.

బయల్దేరే రోజు పొద్దున్నే బండి కడిగి, సీట్లోంచి కోళ్ళని దింపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గంజి పెట్టిన చీర కట్టుకున్నారు. నేను వెనక సీటు తలుపు తీయబోతే, "ముందు కూచోండి. వెనక గుడ్లవాసన," అన్నారు. ఆవిడ పక్కన నేను కూర్చోవడం అదే మొదలు. ఇద్దరం రోడ్డు వైపే చూస్తూ ఉంటాం కాబట్టి మర్యాదకి భంగం లేదని అప్పుడే గ్రహించాం.

తెల్లవారుజామున కాదు, పది దాటాక బయల్దేరారు. అంతకన్నా ముందు వద్దన్నారు. వీధిలో జనం పనుల మీద తిరుగుతున్న వేళ. ఎదురింటాయన అరుగు మీద కుర్చీలో ఉన్నారు. బాగా పెద్దవారైపోయారు. అత్తగారు ఆయన ముందుకు తెచ్చి ఆపారు.

"ఎక్కడికమ్మా?"

"యానాం అవతలికండి."

"దీంట్లోనా?"

"దీంట్లోనే."

ఆయన కుర్చీలో ముందుకు వంగి, బండి ముక్కు ముందు ఉన్న ఖాళీ రోడ్డుని చూశారు.

"ముందేం లేవే," అన్నారు.

"లేవండి," అని అత్తగారు గేరు వేశారు.

వీధి చివరిదాకా జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఆవిడ ఎటూ చూడలేదు, వేగం పెంచలేదు. సందు చిన్నదే గాని నాకు చాలా పొడుగ్గా అనిపించింది. మెయిన్ రోడ్డు ఎక్కాక మాత్రం ఒక్కసారి పెద్దగా ఊపిరి వదిలి, పమిటతో మొహం తుడుచుకున్నారు.

యానాం వంతెన మీద గోదారి గాలి కొట్టింది. వెనక నుంచి వచ్చే మోటార్ సైకిళ్ళవాళ్ళు పక్కకొచ్చి ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. అత్తగారు వెనక ఇరుసు చప్పుడు వినడం కోసం నన్ను మాట్లాడద్దన్నారు. నేనూ విన్నాను. చప్పుడు లేదు.

రిసార్టు గేటు దగ్గర మా బావమరిది ట్రాక్టరు కోసం చూస్తున్నాడు. తల్లి బండి దిగడం చూసి, దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆ తరవాత తనే అన్నాడు, నేను తయారుచేసుకున్న మాటలన్నీ అక్కర్లేకుండా.

"అమ్మా, నడుస్తోంది గదే! ఇంటి దగ్గరే ఉంచేసుకో. వీళ్ళతో నేను మాట్లాడతాను."

"నాకెందుకురా? నేనెక్కడికి వెళ్తాను? పాక కోళ్ళకి ఇచ్చేశాను."

నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ నా వంక చూడలేదు, అలవాటు ప్రకారం. అక్కడి మేనేజరు కుర్రాడితో, ఎక్కడ పెట్టమంటారని అడిగారు. అతను రెండు కొబ్బరిచెట్ల మధ్య గడ్డి చూపించాడు. ఆవిడ మళ్ళీ ఎక్కి, రివర్సులో తీసుకెళ్ళి, రెండు చెట్లకీ సరిగ్గా మధ్యలో నిలబెట్టారు.

"పైన కాగితంపూల కుండీలు పెడదామనుకుంటున్నాం మేడం," అన్నాడు అతను.

"పైన ఏం పెట్టుకున్నా పర్లేదు బాబూ. ఏడాదికోసారి వెనక ఆయిల్ మార్చండి."

తరవాత ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుని గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, ఇరుసు కిందికి చూశారు. రిసార్టుకి వచ్చినవాళ్ళు కాఫీ కప్పులతో నిలబడి చూస్తున్నారు. చెయ్యి పెట్టి అడుగున తడిమారు. వేళ్ళు పొడిగా వచ్చాయి. అవి నాకు కూడా చూపించి, లేచి, తాళం కొడుకు చేతిలో పెట్టారు.

"భోంచేసి వెళ్దువుగాని," అన్నాడు అతను.

"బస్సు దొరకదు," అన్నారు.

యానాంలో బస్సెక్కాం. పక్కపక్కన రెండు సీట్లే ఖాళీ. ఆవిడ కాసేపు కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. కండక్టరు, "కూచోండమ్మా, మీవాళ్ళే కదా," అన్నాడు. ఆవిడ ఆలోచించి, మధ్యలో చేతిసంచి పెట్టి, కూర్చున్నారు. ద్రాక్షారామం రాకముందే నిద్రపోయారు. సంచి ఒళ్ళోకి జారింది. ఆవిడ తల నా భుజం మీద ఆనింది. జుట్టులో కిరసనాయిలు వాసన ఇంకా ఉంది.

మా స్టాపు వచ్చింది. కండక్టరు ఊరి పేరు అరిచాడు. నేను లేవలేదు. అతను మా వంక చూసి, ఇంకోసారి అరవబోయి, మానేసి విజిల్ వేశాడు. వీధి మొదలు, ఎదురింటాయన కొబ్బరితోట, కాలవ, అన్నీ వెనక్కి పోయాయి. రామచంద్రపురం కాంప్లెక్సులో ఇంజను ఆగాక ఆవిడకి మెలకువ వచ్చింది. దిగ్గున సర్దుకుని, పమిట కప్పుకుని, కిటికీలోంచి చూశారు.

"మన ఊరు దాటిపోయిందేంటి?"

"చూసుకోలేదండి."

ఆవిడ ఇటు తిరిగి నా మొహంలోకి చూశారు. మధ్యలో తలుపు లేదు, గడియారం లేదు, పైన బండి లేదు. తీరిగ్గా చూశారు.

"మీకు అబద్ధం చెప్పడం రాదండి," అన్నారు. అని, సంచి తీసుకుని దిగి, ఆటో కోసం ముందు నడిచారు.